ఆరుద్ర నుంచి స్వాతి దాకా: మా చేలో పుట్టగొడుగుల డైరీ

జూన్ 23, ఆరుద్ర కార్తె

కొత్త నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. ఈ వానాకాలం ఇరవై రకాల పుట్టగొడుగులు గుర్తుపట్టాలి, పది రకాలు వండాలి. మా ఆయన చదివి, "ఇరవయ్యా?" అని నవ్వి ఊరుకున్నాడు.

పాకాల దగ్గర మా అమ్మవాళ్ళ చేనులోనే పనంతా. మూడెకరాల మామిడి, ఎక్కువ తోతాపురి. గట్టు మీద రెండు, చింతచెట్టు కింద ఒకటి, పాడుబడిన బావి పక్కన ఒకటి, మొత్తం నాలుగు పుట్టలు. ఇప్పుడు కాయలు కోసి గుజ్జు ఫ్యాక్టరీకి తోలే రోజులు కాబట్టి నాయనకు నన్ను పట్టించుకునే తీరిక లేదు. నాకు తోడు అవ్వే. ఎనభై దాటింది, కళ్ళు మసక, కానీ ఏ పుట్ట ఏ పక్క తడి పట్టి ఉంటుందో కర్ర కొనతో చూపిస్తుంది.

తిరుపతిలో కాపురముంటూ కొండకు పోకుండా చేనుకు పోవడమేమిటని ఆఫీసులో అడిగారు. కొండ 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ వనం. 2010లో శేషాచలం కొండలు జీవావరణ రిజర్వు అయ్యాయి. అక్కడ ఆకు తెంపినా నేరమే. పైగా ఎర్రచందనం కాపలా ఉండే అడవి అంచున గంప, కత్తి పట్టుకుని తిరుగుతూ "పుట్టగొడుగుల కోసమండీ" అంటే ఎవరు నమ్ముతారు? మన చేను, మన పుట్ట. అంతే.

సామాను: వెదురు గంప, చిన్న కత్తి, స్కేలు, సగం తెల్లగా సగం నల్లగా అతికించిన కాగితాలు, రెండు గాజు గిన్నెలు. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు. అందులో పుట్టగొడుగు చెమట పట్టి ఇంటికొచ్చేలోపే జిగురైపోతుంది.

జూలై 7

రెండు జల్లులు పడ్డాయి. దొరికింది ఒక్కటి, అదీ పాత పేడకుప్ప మీద. సన్నకాడ, బూడిద రంగు గొడుగు, ముట్టుకుంటే విరిగేట్టుంది. ఫోనులో యాప్ తెరిచి మూడు వైపుల నుంచి మూడు ఫోటోలు తీశాను. మూడు పేర్లు చెప్పింది. అందులో ఒకదాని పక్కన "తినదగినది" అని కూడా ఉంది.

అవ్వకు చూపించాను. ఫోను కాదు, గొడుగు.

"కుక్కగొడుగు. పారెయ్" అంది.

"ఎట్లా చెప్తావవ్వా?"

"పేడ మీద వచ్చింది గదా."

ఇదేం కొలమానం అని రాసుకున్నాను నోటుబుక్కులో. గొడుగును పారేశాను కూడా.

జూలై 14, పునర్వసు

నిన్న రాత్రి ఉరుములు. వీధిలైటు చుట్టూ ఉసుళ్ళు కమ్ముకున్నాయి, పొద్దునకి గడప నిండా రెక్కలు. చిన్నప్పుడు పళ్ళెంలో నీళ్ళు పోసి దీపం కింద పెట్టేవాళ్ళం, అవి వచ్చి పడేవి, వేయించుకుని బొరుగులతో తినేవాళ్ళం. ఇప్పుడు మా పిల్లవాడు ఆ మాట వింటేనే మొహం తిప్పుకుంటాడు.

"ఉసుళ్ళు లేచినాయంటే ఇంక దగ్గిరికి వచ్చినట్టే. వారమో పది దినాలో చూడు" అంది అవ్వ.

ఈ మాట వెనక ఉన్న సంగతి నాకు చాలా ఇష్టం. మన పుట్టల్లోని చెదలు కట్టెను నేరుగా అరిగించుకోలేవు. పుట్ట లోపల చీకట్లో అవి ఒక తోట వేసుకుంటాయి. నమిలి తెచ్చిన ఆకులూ పుల్లలూ గుట్టగా పేర్చి, దాని మీద ఒక రకం బూజును పెంచుతాయి. ఆ గుట్ట చేతిలోకి తీసుకుంటే మేక మెదడులా గుంతలు గుంతలుగా ఉంటుంది. బూజు ఆ పుల్లల్ని మెత్తబరుస్తుంది, చెదలు ఆ మెత్తటి దాన్నీ బూజునూ తింటాయి. వాన పడి నేల నానినప్పుడు అదే బూజు లోపలి నుంచి పైకి వేరులాంటి కాడను తోసుకుని వచ్చి గొడుగు విప్పుతుంది. శాస్త్రంలో దీని పేరు టెర్మిటోమైసెస్, అంటే చెదల బూజు. మనవాళ్ళు పుట్టగొడుగు అని ఎప్పుడో పేరు పెట్టేశారు. బజారులో డబ్బాల్లో అమ్మే బటన్ పుట్టగొడుగుకు పుట్టతో ఏ సంబంధమూ లేదు, పేరు మాత్రం దీన్నుంచి అరువు తెచ్చుకుంది.

జూలై 28, పుష్యమి

దొరికాయి! వారమూ కాదు, పది దినాలూ కాదు, సరిగ్గా రెండు వారాలు పట్టింది.

చింతచెట్టు కింది పుట్టకు ఓ అడుగు దూరంలో పదకొండు. నాలుగు ఇంకా ముడుచుకుని డోలు కొట్టే పుల్లల్లా ఉన్నాయి, ఏడు విప్పారాయి. పెద్దది అడ్డంగా 14 సెంటీమీటర్లు. నడిమధ్య మొనదేలి, మట్టిని పొడుచుకుని వచ్చిన గుర్తుగా గట్టిగా, ముదురు రంగులో ఉంది. మిగతా గొడుగంతా పాలమీగడ రంగు. నేను ఉత్సాహంగా కాడ పట్టుకుని లాగబోతే అవ్వ కర్రతో నా చెయ్యి తట్టింది.

"లాగొద్దు పాపా. అట్లా తిప్పి తియ్. ఇంగ ఆ మొదటిది ముట్టుకోవద్దు, అది పుట్టది."

తిప్పి తీస్తే వేరు దిగుతూనే ఉంది. తెగిన చోటికి కొలిస్తే 31 సెంటీమీటర్లు, ఇంకా లోపల ఎంతుందో. పార తెచ్చి తవ్వుదామన్నాను. ఒప్పుకోలేదు. తోట చెదిరితే ఆ పక్క మళ్ళీ రావని ఒక కారణం, పుట్టలో ఎవరుంటారో తెలీదని రెండోది. "స్వామి కూడా పుట్టలోనే గదా ఉండింది" అని మూడోది. కొండమీద శ్రీనివాసుడు చింతచెట్టు కింది పుట్టలో దాక్కుని ఉంటే ఆవు వచ్చి పాలు కురిసిన కథ ఆమెకు నిన్న జరిగినట్టు గుర్తు. మాదీ చింతచెట్టు కింది పుట్టే కాబట్టి వాదించి లాభం లేదని పార లోపల పెట్టేశాను.

ఇంటికి తెచ్చి ముందు అచ్చు తీశాను. కాడ కోసేసి, గొడుగును నలుపు తెలుపు కాగితం మీద, అడుగున మడతల్లా ఉండే రేకులు కిందికి వచ్చేట్టు బోర్లించి, పైన గాజు గిన్నె మూత. రాత్రంతా వదిలేస్తే రేకుల నుంచి రాలిన పొడి కాగితం మీద చక్రంలా పడుతుంది. దాని రంగు చాలా చెబుతుంది. పొద్దునకి లేత గులాబీ. ప్రాణాలు తీసే అమానిటా జాతి అచ్చు తెల్లగా పడుతుంది. ఇక్కడ అచ్చు గులాబీ, కింద లోతైన వేరు, నడిమధ్య మొన, పక్కనే పుట్ట. పైన అవ్వ మాట. అయిదు సాక్ష్యాలు.

వండటం తెల్లారే. అర కిలో తూగాయి. కాడల మీది గట్టి తోలు గీరేసి, వేరు భాగం కోసేసి, ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో పది నిమిషాలు. ఇది విషం పోవడానికి కాదు, రేకుల్లో దాక్కున్న పురుగులు బయటికి రావడానికి. తర్వాత కత్తి పెట్టకుండా చేత్తో నిలువునా చీల్చడమే. కోడి రొమ్ముమాంసంలా పీచులు పీచులుగా వస్తుంది.

మట్టి చట్టిలో నీళ్ళు పొయ్యకుండా ముందు ఉట్టి పుట్టగొడుగులే వేశాము. తమ నీళ్ళు తామే వదిలి, అందులోనే ఉడికి, నీళ్ళు ఇగిరి చట్టికి అంటుకోబోతుంటే తీసి పక్కన పెట్టాము. అదే చట్టిలో చెనిక్కాయ నూనె, రెండు ఎర్రగడ్డలు, ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలు, కరివేపాకు, రెండు టమేటాలు. వేయించిన ధనియాలు రెండు చెంచాలు, ఎండుమిరప ఆరు, మిరియాలు పది, అర చిప్ప టెంకాయ రుబ్బిన ముద్ద. చింతపండు చిన్న ఉసిరికాయంతే, ఎక్కువైతే పులుపే తప్ప ఇంకేమీ తెలీదు. చివర్లో పుట్టగొడుగులు కలిపి పావుగంట సన్నసెగ. రాగి సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి అందులో పోసుకున్నాం.

రుచి గురించి ఎన్ని మాటలు రాసినా కొట్టేశాను. నాయన రెండోసారి సంగటి అడిగాడు, ఆ ఒక్కటీ రాసి పెడతాను.

మొదటిసారి కాబట్టి మా ఆయన, నేను మూడేసి ముక్కలే తిన్నాం, మిగతాది అలవాటున్న పెద్దవాళ్ళకు. ఉడికించని రెండింటిని కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. ఎవరికైనా తేడా చేస్తే డాక్టరుకు చూపించడానికి. అవ్వ దీన్ని చూసి అపశకునమంది.

ఆగస్టు 11

ఈ రోజు డైరీ తిరుపతి నుంచే. పక్కింటి అత్త కవరు నిండా పుట్టగొడుగులు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. వాళ్ళ బంధువుల అపార్టుమెంటు పచ్చికలో వాన పడ్డాక గుండ్రంగా వలయం కట్టి లేచాయట. తెల్లటివి, పళ్ళెమంత, పైన గోధుమరంగు పెచ్చులు, కాడకు గాజులా ఉంగరం. చూడటానికి మా చింతచెట్టు వాటికంటే అందంగా ఉన్నాయి.

"నువ్వు వీటిలో ఎక్స్‌పర్టంట గదమ్మా, పులుసు పెట్టి ఇంత మాకూ ఇయ్యి."

పుట్ట లేదు, వేరు లేదు. నాకు అక్కడే సగం తేలిపోయింది, అయినా అత్త ముందర అచ్చు వేసి చూపిద్దామనుకున్నాను. పొద్దునకి కాగితం మీద పాచిపట్టినట్టు ఆకుపచ్చ చక్రం. ఆకుపచ్చ అచ్చు పడే పెద్ద గొడుగు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్, వెచ్చటి ఊళ్ళ పచ్చికల్లో వానాకాలం లేచేది. లేతప్పుడు రేకులు తెల్లగానే ఉండి, ముదిరాక పచ్చబారతాయి. చాలామంది మోసపోయేది అక్కడే. తిన్న గంట నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

అత్త ఒప్పుకోలేదు. వెండి చెంచా వేసి ఉడకబెడితే నల్లబడకపోతే మంచివేనట. తెల్లగడ్డ రంగు మారకపోయినా సరేనట. పురుగు తిని ఉంటే మనమూ తినొచ్చట. ఒక్కటీ నిజం కాదు. వెండి నల్లబడేది గంధకానికి, విషానికి కాదు. మనల్ని చంపే గొడుగును నత్త హాయిగా తింటుంది. ఇవైతే వాంతులతో వదిలేస్తాయి గానీ, ప్రాణాలు తీసే అమానిటాల్లో ఉండే అమాటాక్సిన్ అనే విషం ఎంత ఉడకబెట్టినా పోదు. తిన్న ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల దాకా ఏమీ తెలీదు, తర్వాత వాంతులు, మధ్యలో ఒకరోజు తగ్గినట్టు అనిపించి, అటుపైన కాలేయం పోతుంది. తగ్గిందని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసేవాళ్ళ గురించి చదివితే ఒళ్ళు జలదరించింది.

అన్నీ చెప్పాను. "అంత భయమైతే ఎందుకమ్మా ఈ పని" అని కవరు తీసుకుని వెళ్ళింది. వండుకోలేదని సాయంత్రం వాళ్ళ కోడలు చెప్పేదాకా నాకు అన్నం దిగలేదు.

ఆగస్టు 18, మఖ

బావి పక్క పుట్ట దగ్గర చిట్టి గొడుగులు. ఒక్కోటి రూపాయి బిళ్ళంత కూడా లేదు, వందల్లో ఉన్నాయి, నేల మీద అటుకులు చల్లినట్టు. ఇవి కూడా చెదల బూజే, కానీ లోతు వేరు ఉండదు. చెదలు తమ తోట పొడిని బయటికి మోసి పోస్తే ఆ పొడి మీద లేస్తాయి. అవ్వ చూడగానే చీర కొంగు పట్టింది.

గంటన్నర ఏరాము, రెండు గంటలు శుభ్రం చేశాను. తొందరపడి కుళాయి కింద పెట్టాను, అదే తప్పు. నీళ్ళు పీల్చుకుని గంజిలా అయిపోయాయి, ఇసుక మాత్రం పోలేదు. తింటుంటే పళ్ళ కింద కరకర. మిగిలిన సగం అవ్వ చెప్పినట్టు బట్ట మీద పరిచి ఊది, బ్రష్షుతో దులిపి, తెల్లగడ్డా మిరియాలతో వేపుడు చేశాను. నేనైతే ఆమ్లెట్‌లో వేసినవే బాగున్నాయంటాను. అవ్వ వేపుడే అంటుంది.

సెప్టెంబరు 8

పక్క పొలం ప్లాట్లు వేస్తున్నారు. జేసీబీ వచ్చి పుట్టను రెండుగా చీల్చింది. లోపల అరల్లో ఆ మెదడు గుట్టలు, తెల్లటి ముత్యాల్లాంటి బూజు చుక్కలు వాటి మీద. డ్రైవరు తమ్ముణ్ణి అడిగి ఒక గుట్టను తెచ్చి తడి కుండలో పెట్టి మూత వేశాను. ఇంట్లోనే పుట్టగొడుగులు పండిద్దామని.

ఆరో రోజుకు గుట్ట నిండా నల్లటి పుల్లలు లేచాయి, కాలిన అగరొత్తుల్లా. అవి జైలేరియా అనే వేరే బూజు. ఆ తోటలో అది ఎప్పుడూ కలుపుమొక్కలా దాక్కునే ఉంటుంది, చెదలు ఉన్నంతకాలం లేవనివ్వవు. చెదలు పోయిన మరుక్షణం తోటంతా దానిదే. వరిగడ్డితో సంచుల్లో పాల పుట్టగొడుగులు పండించుకోవచ్చు, మన ఎండలకు అవి బాగానే వస్తాయి కూడా. పుట్టగొడుగుకు మాత్రం చెదలే రైతులు. వాటి పని నా చేతిలో లేదు.

కుండ కడిగి బోర్లించాను.

సెప్టెంబరు 28, హస్త

ఈ ఏడాది పెద్ద పంట ఈ రోజే. గట్టు మీది రెండు పుట్టలూ కలిపి కిలోన్నర. ఈ రోజే పెరటాసి శనివారం!

మా ఇంట్లో ఈ నెల నీచు ముట్టరు. పుట్టగొడుగు నీచా కాదా అన్న చర్చ మధ్యాహ్నం దాకా నడిచింది. అమ్మ కూరగాయే అంది. నాయన ఎటూ చెప్పలేదు. అవ్వ తీర్పు: "నీచు మాదిరి రుచి ఉండాది, అందుకే తినకూడదు." దీనికి ఏ పుస్తకమూ జవాబు చెప్పదు.

రేపటిదాకా నిలవవు కాబట్టి ఒరుగులు చేశాను. పలచగా కోసి, రేకులు ఆకాశం వైపు ఉండేట్టు మేడ మీద చాప పరిచి ఎండబెట్టాను. అట్లా ఎండ తగిలితే పుట్టగొడుగులో ఉండే ఎర్గోస్టెరాల్ డి విటమిన్‌గా మారుతుంది. మూడింటికి మబ్బు పట్టింది. పరుగెత్తేలోపు సగం తడిసి, మర్నాటికి బూజు పట్టి పోయాయి. బూజుకు బూజు పట్టిందని మా ఆయన జోకు. మిగిలినవి గలగలమనేదాకా ఎండాక 70 గ్రాములు, సీసాలో.

అక్టోబరు 20, చిత్త

గడ్డివామి అడుగున కొత్తవి. బూడిద రంగు, గుడ్డులోంచి పిల్ల వచ్చినట్టు అడుగున సంచిలోంచి లేచాయి. ఆ సంచి చూసి గుండె ఆగింది, అమానిటాకూ అదే ఉంటుంది. అచ్చు వేస్తే గులాబీ. గడ్డి మీద రావడం, సంచి, ఉంగరం లేకపోవడం, అచ్చు, అన్నీ వరిగడ్డి పుట్టగొడుగు వోల్వేరియెల్లాకు సరిపోయాయి. మార్కెట్లో అమ్మేదే.

అవ్వ తిప్పి తిప్పి చూసి, "ఇది నాకు తెలీదు పాపా" అంది.

నా సాక్ష్యాలన్నీ వరసగా చెప్పాను. వింది. "మంచిదే అయి ఉంటాది. నేను మాత్రం యెప్పుడూ తినలా" అంది, అంతకు మించి ఒక్క మాట లేదు. తినొద్దని కూడా అనలేదు. చట్టి పొయ్యి మీద పెట్టి, మళ్ళీ దించాను. గొడుగులు గడ్డివామి దగ్గరే వదిలేసి వచ్చాము. మా ఆయనకు కోపం వచ్చింది, మార్కెట్లో దొరికేదాన్ని పారేస్తారా అని. మార్కెట్‌దయితే తింటాను. దీన్ని ఎవరూ తిని చూడలేదు, నేను కాగితం మీద చదివానంతే.

నవంబరు 5, స్వాతి

నాగుల చవితి. అవ్వ చింతచెట్టు కింది పుట్టకు పసుపు నీళ్ళు చల్లి, చిమ్మిలీ చలిమిడీ పెట్టి పాలు పోసింది. మేము జూలైలో గొడుగులు ఏరుకున్న చోటే నూలుపోగు చుట్టింది. మూడు రోజుల నుంచి వానలు దండిగా ఉన్నా పుట్టగొడుగులు లేవు, కాలం అయిపోయినట్టే.

మొదటి పేజీ తిప్పి ఇరవై కొట్టేసి రెండు అని రాశాను. పది కొట్టేసి అక్కడా రెండే. ఒరుగుల సీసాలో పిడికెడు మిగిలాయి, పప్పులో వేసి చూడాలి. నానబెట్టిన నీళ్ళు పారబోయకూడదు, వాసనంతా అందులోనే.

ఇంటికొచ్చాక అవ్వ నోటుబుక్కు చూపించి, ఏమి రాశావో చదవమంది. ఆమెకు చదువు రాదు. అన్నీ చదివాను, కుండ సంగతి, పక్కింటి అత్త సంగతి. వెండి చెంచా దగ్గర నవ్వింది. బావి పక్క పుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

"చిట్టివి యాడ లేచినాయని రాసినావు?"

వెనక్కి తిప్పి, ఏరిన చోట్ల పటం చూశాను. "పుట్టకు తూరుపు పక్కన."

"తూరుపు గాదు పాపా, పడమర. తూరుపు పక్క యెండ ముందే పడతాది, యెట్లా వస్తాయి?"

పటంలో చుక్కను కొట్టేసి పడమరకు మార్చాను. ఇంకోసారి చదవమంది.